గడ్డం తాత నిదానం

చందానగర్,
9 ఆగస్టు 1998

అక్కకి జోజి వందనాలు.

నీ మోకాళ్ళ సంగతి ముందు అడగమని నీ మరదలు సరోజ పక్కనే కూర్చుని పోరుతోంది. ఎలా ఉన్నాయి? అడిగేశాను కాబట్టి ఇక అసలు విషయానికి వస్తాను.

అల్లుడు రాబిన్ మాదాపూర్‌లో కొత్త కంపెనీలో చేరాడని రాశాను కదా. ఆ సంతోషంలో ఇంటికి సీడీ ప్లేయరు తెచ్చాడు. దాంతోపాటు మావయ్యకి అంటూ ఆబిడ్స్‌లో వెతికి ఒక సీడీ కూడా పట్టుకొచ్చాడు. కవరు మీద బొమ్మ చూడగానే పోల్చుకున్నాను. మన గడ్డం తాత, ఆ సంగీతం రాసినాయన. నువ్వు కొత్తగా నర్సుగా చేరిన రోజుల్లో, సామర్లకోట మిషన్ కాంపౌండులో కెనడా డాక్టరమ్మ గారి వరండాలో నేలమీద కూర్చుని విన్నామే, అదే సింఫనీ. ఆవిడ వెళ్ళిపోతూ రికార్డు ప్లేయరు పెట్టెతో సహా నీకిచ్చిన రికార్డు ఏ జర్మనీవాళ్ళదో. ఇది లండన్ ఆర్కెస్ట్రా ఈమధ్య వాయించింది.

అక్కా, మనం విన్న పాట ఇది కాదే. నీ రికార్డులో రెండో భాగం ఎలా మొదలవుతుంది? బాకాలు అడుగడుగుకీ ఆలోచించుకుంటూ వస్తాయి. వాటి వెనక వయొలిన్లు గోడ పట్టుకుని నడిచే రోగుల్లా వస్తాయి. ఇందులో బాకాలు పొద్దున్నే ఎవరో తలుపులు బార్లా తీసినట్టు మోగాయి. వయొలిన్లు శుభ్రంగా, ఏ స్వరానికా స్వరం విడివిడిగా ఉన్నాయి. అది ఏడుపు పాటే కాదు. చల్లబడ్డాక షికారుకి బయల్దేరినట్టుంది.

పుణ్యవతి పోయిన దగ్గర్నుంచీ నువ్వు రోజూ దీపాలు పెట్టే వేళకి ఆ రెండో భాగం వేసుకుని ఒక్కదానివే కూర్చుంటావు. పదేళ్ళు దాటింది. కూతురు పోయిన తల్లిని ఏమనగలను, అందుకే ఎప్పుడూ నోరెత్తలేదు. ఇప్పుడంటున్నాను. ఇక్కడికి వచ్చెయ్. రెండు గదుల వాటాయే గానీ మా అమ్మాయి కరుణ నీకోసం మంచం కూడా చూసి పెట్టింది. కిటికీ తీస్తే బొంబాయి రోడ్డు లారీలు, మాదాపూర్ వైపు వెళ్తే బండలు పేల్చే చప్పుడు, అక్కడో గుండ్రటి అద్దాల మేడ లేస్తోంది. చూడ్డానికి బోలెడుంది.

నీ తమ్ముడు,
జోజి


సామర్లకోట,
21 ఆగస్టు 1998

ఒరేయ్ జోజీ,

దేవుడు నీకు చెవులిచ్చాడు, అల్లుడు సీడీ ఇచ్చాడు. రెండూ ఒకేసారి వాడినట్టు లేదు.

మీ లండన్ ఆయన ఆర్కెస్ట్రా కండక్టరు కాదురా, బస్సు కండక్టరు. రైట్ రైట్ అంటూ ఈల వేసి తోలేస్తున్నాడు. రెండో భాగం షికారుట. ఎవరి షికారు? గడ్డం తాత మొహం చూస్తే షికార్లు తిరిగిన మొహంలా ఉందా?

ఏ స్వరానికా స్వరం విడిగా ఉందని మెచ్చుకున్నావు. మా రికార్డులో వయొలిన్లు ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారుకుంటూ వెళ్తాయి. మన కీర్తనల్లో పెద్ద పాస్టరు గారు గమకం పట్టేవారే, అలాగ. పాటలో బాధంతా ఆ జారే చోటే ఉంది. దాన్ని తుడిచేసి శుభ్రం అంటే ఎలా? నీ చెవిని హైదరాబాద్ తినేసింది.

ఆ పెట్టె మీద వేరే రికార్డుల్లో పాడే దొరసానులందరికీ జలుబు చేసిందని నువ్వు నవ్వేవాడివి, గుర్తుందా? మగగొంతుల్లా ఉన్నాయనేవాడివి. నీ చెవి అప్పట్నుంచీ అంతే. చలిదేశం వాళ్ళ గొంతులు అలాగే ఉంటాయి.

రమ్మన్నందుకు సంతోషం. నేను రాను. నా పెట్టె రైలెక్కితే బతకదు, అది లేకుండా నేనుండలేను. పొద్దంతా ఎలాగో గడుపుతాను గానీ సాయంత్రం ఆ పావుగంట లేకపోతే నాకు రాత్రి లేదు. నా సాయంత్రాల జోలికి మాత్రం రాకు. కరుణ మంచం కొంటే నువ్వు పడుకో.

మోకాళ్ళు ఉన్నాయి. సరోజని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీకన్నా మంచి చెవులున్న అక్క


చందానగర్,
13 సెప్టెంబరు 1998

మంచి చెవులున్న అక్కకి,

ఉత్తరం చదివి కరుణ పడీపడీ నవ్వింది. రైట్ రైట్ అన్న మాట ఆఫీసులో కూడా చెప్పిందట.

నేను ఊరుకునేవాణ్ణి కాదు. నీ జర్మనీ కండక్టరు కునికిపాట్లు పడుతూ వాయించాడు, నువ్వేమో దాన్ని దుఃఖం అనుకుంటున్నావు. నిదానంగా ఉన్నదల్లా లోతైనది అయిపోదు అక్కా. మన హెడ్మాస్టరు గారు కూడా నిదానంగానే మాట్లాడేవారు, ఏమన్నా సారం ఉండేదా?

ఒక పని చెయ్. నీ రికార్డుని క్యాసెట్ మీదికి ఎక్కించి పంపు. రెండూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుని, ఇంట్లో అందరం కూర్చుని విని, తీర్పు రాస్తాం. రాబిన్ చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, కాబట్టి నీకు అన్యాయం జరగదు.

ఇక్కడ అందరూ తొందరలో ఉన్నారు. రెండువేల సంవత్సరం వచ్చేసరికి కంప్యూటర్లన్నీ తేదీ మర్చిపోతాయట. వాటికి నేర్పడానికి కరుణా రాబినూ పొద్దున ఏడింటి బస్సెక్కితే ఇంటికి రావడం ఎప్పుడో. కూరలు తేవడం, నీళ్ళు పట్టడం నా వంతు.

తగ్గని తమ్ముడు,
జోజి


సామర్లకోట,
18 అక్టోబరు 1998

తీర్పరి గారికి,

క్యాసెట్ పంపుతున్నాను. పక్కింట్లో పుట్టింటికొచ్చిన పిల్ల దగ్గర టేప్ రికార్డరు అడిగి తెచ్చి, పెట్టె పక్కనే స్టూలు మీద పెట్టి, కిటికీలన్నీ మూసి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. మొదటిసారి సగంలో కరెంటు పోయింది. రెండోసారి కొబ్బరికాయలు దింపేవాడు వచ్చి అమ్మగారూ అని అరిచాడు. మూడోసారి అంతా బాగానే వచ్చింది గానీ చివర్లో గూడ్సు కూత పడింది. దాన్ని గడ్డం తాత ఖాతాలో వెయ్యకండి.

దీపం ఆర్పేసి వినండి. బాకాలు మొదలయ్యాక ఎవరూ మాట్లాడకూడదు. తర్వాత వయొలిన్లు మీటుతారు, వాటి మీద క్లారినెట్ వస్తుంది. అక్కడ నీకేమీ అవకపోతే ఇక నాకు రాయనక్కర్లేదు.

అక్క


చందానగర్,
15 నవంబరు 1998

అక్కకి,

నీ క్యాసెట్ విన్నాం. ఒప్పుకోక తప్పదు, అయిపోయాక కూడా దీపం వెయ్యడానికి ఎవరూ లేవలేదు. మర్నాడు పొద్దున నేనొక్కణ్ణే మళ్ళీ పెట్టుకున్నాను. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు ఎల్లయ్య గారు చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కి వచ్చి, "ఏంది సారూ, ఎవరన్నా పోయిన్రా? ఫికర్ చెయ్యకున్రి, నేనున్న" అన్నారు. ఎవరూ పోలేదని చెప్పి నమ్మించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. లండన్ వాళ్ళది ఆయన రోజూ వింటారు, ఎప్పుడూ పైకి రాలేదు. ఈ ఒక్క మార్కు నీకు.

ఒక సంగతి. రాబిన్ క్యాసెట్ వింటూ వింటూ కీబోర్డు దగ్గరికి వెళ్ళి ఏవో మెట్లు నొక్కి చూశాడు, మళ్ళీ సీడీ పెట్టి నొక్కి చూశాడు. తర్వాత నీ పెట్టె ఏ దేశంలో చేసిందని అడిగాడు. దాని వెనక రేకు మీద అంకెలేమైనా ఉంటే, ఉన్నవి ఉన్నట్టు రాసి పంపమన్నాడు. ఎందుకని అడక్కు. తర్వాత చెబుతాను.

సరోజ నిమ్మకాయ పచ్చడి పంపుతోంది, తెలిసినవాళ్ళు కాకినాడ వస్తున్నారు.

జోజి


సామర్లకోట,
29 నవంబరు 1998

నా బంగారు తమ్ముడికి,

పచ్చడి అందింది. ఎల్లయ్య గారికి నా వందనాలు చెప్పు. ఆయనకున్న చెవిలో సగం నీకున్నా ఇన్ని ఉత్తరాలు దండగయ్యేవి కావు.

పెట్టెని వెనక్కి తిప్పడానికి నా తాతలు దిగివచ్చారు. రేకు మీద బూజు తుడిస్తే ఇంగ్లీషులో ఉంది: 117 వోల్టులు, 60 సైకిల్సు, కెనడాలో తయారు. ఇంకో నంబరేదో ఉంది గానీ తుప్పు పట్టింది. కరెంటు తగ్గించే ఇనప డబ్బా డాక్టరమ్మ గారు తెచ్చుకున్నదే, ఇప్పటికీ దాని మీదే నడుస్తోంది. ఇండియా వచ్చాక నా పెట్టె కూడా నిదానం నేర్చుకుంది అని ఆవిడ నవ్వుతూ అనేది. మనల్ని వేళాకోళం చేస్తోందనుకునేదాన్ని.

ఎందుకని అడగను. నాకు తెలుసులే. ఈమధ్య తిరిగేటప్పుడు గుర్రుమంటోందని పోయినేడు నేనే రాశాను, నీకు గుర్తుందన్నమాట. మీ ఊళ్ళో ఎవరి చేతో దానికి మోటారు తెప్పిస్తున్నారు, క్రిస్మస్ కానుకగా. తెలియనట్టే ఉంటాను. చివరికి నా పెట్టె మీద నీక్కూడా ప్రేమ పుట్టింది, నాకది చాలు.

దేవుడు మీ అందర్నీ చల్లగా చూడాలి.

కృపక్క


చందానగర్,
19 డిసెంబరు 1998

అక్కకి క్రిస్మస్ శుభాకాంక్షలు.

మోటారు కాదు అక్కా, అంతకంటే పెద్ద కానుక. దొరసానుల జలుబు దగ్గర్నుంచీ సాగుతున్న మన నలభై ఏళ్ళ గొడవ తీరిపోయింది. నేనే గెలిచాను.

రాబిన్ చెప్పింది చెబుతాను. కెనడాలో కరెంటు సెకనుకి అరవై సార్లు కొట్టుకుంటుందట. మన దేశంలో యాభై సార్లే. నీ పెట్టెలో మోటారు ఆ కొట్టుకోవడాన్ని బట్టే తిరుగుతుంది. ఇనప డబ్బా వోల్టులు తగ్గిస్తుంది గానీ దీన్ని మార్చలేదు. అంటే, ఆ పెట్టె సామర్లకోటలో అడుగు పెట్టిన రోజునుంచీ తిరగాల్సిన దానికంటే ఆరో వంతు నిదానంగా తిరుగుతోంది. శ్రుతి కూడా దిగిపోయింది. అందుకే దొరసానులకి జలుబు. రాబిన్ ఆఫీసులో కంప్యూటరు మీద నీ క్యాసెట్‌ని అసలు వేగానికి తెచ్చి వినిపించాడు. నీ జర్మనీవాళ్ళు లండన్ వాళ్ళకంటే ఒక పిసరు ముందే ఉన్నారు. వాళ్ళ కండక్టరు కునుకు తియ్యలేదు, నేనన్న ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నవ్వు వచ్చిందా? మేము కడుపుబ్బ నవ్వాం.

ఇక నా మనసులో మాట చెబుతాను. గడ్డం తాత రాసింది అంత ఏడుపు పాట కాదు. ఇన్నేళ్ళూ నువ్వు ఒక మోటారు తప్పుని పట్టుకుని ఏడ్చావు. ఇప్పటికైనా దాన్ని కట్టిపెట్టి ఇక్కడికి వచ్చెయ్. పిల్లలు నీకోసం చూస్తున్నారు.

గెలిచిన తమ్ముడు,
జోజి


చందానగర్,
17 జనవరి 1999

అక్కకి,

నా ఉత్తరం అందిందో లేదో తెలియడం లేదు. క్రిస్మస్‌కి కార్డు రాలేదు, కొత్త సంవత్సరానికీ రాలేదు. ఎల్లయ్య గారి ఫోను నంబరు నీకిచ్చాను కదా, మోగినప్పుడల్లా మెట్ల దాకా వెళ్తున్నాను. ఒంట్లో బాగుండకపోతే పక్కింటివాళ్ళ చేత ఒక్క ముక్క రాయించు.

సరదాకి గెలిచానన్నాను. నువ్వు మా లండన్ ఆయన్ని బస్సు కండక్టరంటే నేనేమన్నా పట్టించుకున్నానా?

జోజి


సామర్లకోట,
26 జనవరి 1999

జోజీ,

నీ ఉత్తరం క్రిస్మస్ ముందురోజు అందింది. పోస్టుమాన్‌కి కేకు ముక్క పెట్టి, వరండాలో కూర్చుని తీరిగ్గా చదువుకుందామని తెరిచాను.

నువ్వు రాసింది నిజమే. లెక్క అర్థమైంది. జీవితమంతా రోగి చెయ్యి పట్టుకుని గడియారం చూసినదాన్ని. అరవైకీ యాభైకీ తేడా నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

పుణ్యవతి పోయిన రోజు నువ్వూ ఉన్నావు. మధ్యాహ్నం పోయింది. మే నెల, ఉంచకూడదు, సాయంత్రానికే సమాధి అన్నారు. పాస్టరు గారు ప్రార్థన గబగబా ముగించారు, పాపం ఆయనకి ఇంకో ఊళ్ళో పెళ్ళి ఉంది. వారం తిరక్కుండా వార్డులో మనుషుల్లేరని కబురొచ్చింది, వెళ్ళి బట్టల మీద బట్టలు మడతపెట్టాను. ఇక ఏడవకు అక్కా, పైనుంచి పిల్ల చూస్తుంది అని నువ్వు అన్నావు. ఎవర్నీ తప్పు పట్టను. మంచికే అన్నారు. కానీ అందరూ నన్ను తొందరపెట్టారు.

ఆ రికార్డులో వాళ్ళొక్కళ్ళే తొందరపెట్టలేదు. నేను వచ్చానో లేదో చూసుకుని ఇంకో అడుగు వేసేవాళ్ళు. ఎక్కడో జర్మనీలో ఒక మనిషి కర్ర పట్టుకుని నిలబడి అంతమందినీ ఆపాడు, ఆయనా పిల్లని పోగొట్టుకున్నవాడే అయి ఉంటాడు, లేకపోతే ఇంత నిదానం ఎలా తెలుస్తుంది అనుకునేదాన్ని. ఆయన పేరు నాకు సరిగా పలకడం రాదు. అయినా రోజూ ప్రార్థనలో మన ఇంట్లోవాళ్ళ తర్వాత ఆయన్నీ తలుచుకునేదాన్ని. పోయి ఎన్నేళ్ళయిందో ఏమో.

ఆయన కూడా తొందరలోనే ఉన్నాడని ఇప్పుడు తెలిసింది.

నిన్న మళ్ళీ వేశాను. ఒక్క స్వరం మారలేదు. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. నాకు మాత్రం మోటారే వినబడింది. వయొలిన్లు ఎక్కడో ఉన్నాయి గానీ నేను వాటి దగ్గరికి వెళ్ళలేకపోయాను. సగంలో ఆపేశాను.

మీరు నవ్వుకున్నారని రాశావు. నవ్వొచ్చే సంగతేలే.

కృపమ్మ


చందానగర్,
21 ఫిబ్రవరి 1999

అక్కా,

నీ ఉత్తరం చదివి కరుణ దాన్ని మడిచి నా చేతిలో పెట్టింది. అలాంటిది అత్తయ్యకి ఎందుకు రాశావు నాన్నా అని ఒక్కటే మాట అంది. రాబిన్ తన వల్లే జరిగిందని కుమిలిపోతున్నాడు. తప్పు వాడిది కాదు. వాడు చెప్పింది నాకు. నీకు రాసింది నేను.

నాకు సిగ్గుగా ఉంది. నువ్వా పాట మానేస్తే ఏడుపు మానేస్తావనుకున్నాను. ఆ పాట ఉండబట్టే మిగతా రోజంతా ఏడవకుండా ఉంటున్నావని నా బుర్రకి తట్టలేదు.

ఇప్పుడు చెప్పేది నమ్ము. రాబిన్ తన కంపెనీ వాళ్ళకి ఈమెయిళ్ళు పెట్టి, అమెరికాలో పనిచేసే స్నేహితుణ్ణి అడిగించాడు. నిజంగానే దాన్ని అంత నిదానంగా వాయించినవాడు ఒకడున్నాడు. ముసలితనంలో కుర్చీలో కూర్చుని వాయించాడట. ఇంత నిదానమేమిటని అక్కడివాళ్ళు తిట్టారట కూడా, ఆయన వినలేదట. మోటారు తప్పు కాదక్కా, మనిషి కావాలని చేశాడు. సీడీ తెప్పించి, దాన్ని క్యాసెట్ మీదికి ఎక్కించి పంపుతున్నాను. నేను చీకట్లో కూర్చుని విన్నాను. క్లారినెట్ దగ్గర నాకు కళ్ళనీళ్ళాగలేదు. నువ్వన్న చోటే.

లండన్ వాళ్ళది తప్పు, నీదే సరైనది. గెలుపూ వద్దు, ఏమీ వద్దు. నన్ను నాలుగు తిట్లు తిడుతూ ఉత్తరం రాయి.

నీ జోజి


సామర్లకోట,
24 మార్చి 1999

ప్రియమైన తమ్ముడు జోసెఫ్‌కి,

మీరంతా క్షేమమని తలుస్తాను. నేను క్షేమం.

క్యాసెట్ అందింది. పక్కింటివాళ్ళ టేప్ రికార్డరు మీద మొదట్నుంచి చివరిదాకా విన్నాను. చాలా బాగుంది. ఆయనెవరో గొప్పవారు. నిదానం కూడా నిజమైన నిదానమే. కానీ శ్రుతి నాకు తెలిసిన శ్రుతి కాదు, ఆయన ఆగే చోట్లు నేను ఆగే చోట్లు కావు. ఎవరింట్లోనో దుఃఖం ఉంటే పలకరించడానికి వెళ్ళి కూర్చున్నట్టుంది. ఆయన బాధ ఆయనది. శ్రమపడి తెప్పించినందుకు రాబిన్‌కి నా కృతజ్ఞతలు చెప్పు. ఆ పిల్లవాడు బాధపడక్కర్లేదు.

వాదన గురించి రాశావు. నేను ఆలోచించాను. నువ్వు మొదట చెప్పిందే సరైనది. గడ్డం తాత రాసిన వేగం లండన్ వాళ్ళు వాయించినదే అయి ఉంటుంది. షికారు అన్నావు, షికారే కావచ్చు. నిన్ను తిట్టమన్నావు గానీ తిట్టడానికి ఏమీ లేదు.

నువ్వు చాలాకాలంగా రమ్మంటున్నావు. వస్తాను. ఇల్లుగలావిడకి చెప్పేశాను, నెలాఖరుకి ఖాళీ చేస్తాను. ఇక్కడ ఉండాల్సిన పని నాకేమీ లేదు, సాయంత్రాలు ఎక్కడైనా ఒకటే. 31 రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి టిక్కెట్టు తీసుకున్నాను. సికింద్రాబాద్ స్టేషనుకి రాబిన్‌ని పంపించు. సామాను ఎక్కువేమీ లేదు, ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపు చుట్ట. రికార్డు పెట్టె తేవడం లేదు. కాంపౌండులో పిల్లల బడికి ఇచ్చేశాను.

నాకోసం గది ఖాళీ చెయ్యొద్దు. హాల్లో పడుకుంటాను. మీరు పాటలు ఎప్పుడు పెట్టుకున్నా, ఎంత వేగంగా పెట్టుకున్నా నాకేమీ అభ్యంతరం లేదు.

ఇట్లు,
కృపమ్మ